పాత సౌండ్ కార్డుకు ఇంటి మిడి తీగ: ఒకే వాదంలో మూడు ప్రశ్నలు

ఒక కొసన పదిహేను పిన్నుల జాయ్‌స్టిక్ ప్లగ్గు, మరో కొసన ఐదు పిన్నుల గుండ్రటి ప్లగ్గులు రెండు. మధ్యలో నాలుగైదు రెసిస్టర్లు, ఒక డయోడు, ఒక చిప్పు. 1990ల నాటి సౌండ్ బ్లాస్టర్ కార్డును కీబోర్డుతోనో సౌండ్ మాడ్యూల్‌తోనో కలపడానికి ఇంతకు మించి సామగ్రి అక్కర్లేదు. అయినా దీని గురించి పాత కంప్యూటర్ల అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. చిప్పు తప్పనిసరా? ఏ చిప్పు? అసలు తీగ కట్టడం అవసరమా, చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డు పెట్టుకుంటే సరిపోదా?

వాదం చిక్కుపడటానికి కారణం ఉంది. ఇందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. మొదటిది కరెంటు గురించి, రెండోది కార్డు మాట్లాడే భాష గురించి, మూడోది పాత వస్తువును ఎంతవరకు ముట్టుకోవచ్చన్నది. ఒకరు మొదటి ప్రశ్నకు చెప్పిన జవాబును మరొకరు రెండోదానికి జవాబుగా తీసుకుని ఖండిస్తుంటారు. ఒమన్ లాంటి చోట వీటికి తోడు ఎండ, ఉప్పుగాలి, 240 వోల్టుల కరెంటు కూడా లెక్కలోకి వస్తాయి.

ముడి పడిన క్రమం

1981లో అమెరికన్ ఇంజనీరు డేవ్ స్మిత్, వేర్వేరు కంపెనీల సింథసైజర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి ఒకటి ఉండాలని ఆడియో ఇంజనీర్ల సంఘం సమావేశంలో ప్రతిపాదించాడు. జపాన్‌లో రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి అప్పటికే అదే ఆలోచనలో ఉన్నాడు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ వాద్య ప్రదర్శనలో స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600, రోలాండ్ జూపిటర్-6 ఒకే తీగ మీద కలిసి పలికాయి. ఆ ఏడాది ఆగస్టులో ఆ పద్ధతికి మిడి 1.0 పేరుతో నిర్దేశం వెలువడింది. ఈ పనికి 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ దక్కింది.

కంప్యూటర్ వైపు ఈ తీగ రెండు దారుల్లో చేరింది. 1985 నాటి అటారీ ఎస్‌టీకి మిడి రంధ్రాలు పుట్టుకతోనే ఉన్నాయి. ఐబీఎం పీసీకి అవి లేవు. 1984లో రోలాండ్ తెచ్చిన ఎంపీయూ-401 ఆ లోటు తీర్చింది కానీ, అది ఖరీదైన సరుకు. 1989లో సింగపూర్ కంపెనీ క్రియేటివ్ తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ సామాన్యుడికి మరో దారి చూపింది. జాయ్‌స్టిక్ కోసం ఉన్న గేమ్ పోర్టులోనే రెండు పిన్నులను మిడికి కేటాయించింది. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి.

అసలు పేచీ ఇక్కడే పుట్టింది. ఖర్చు తగ్గించడానికి కార్డు మీద ఉండాల్సిన మిడి సర్క్యూట్‌ను తీగలోకి నెట్టేశారు. గేమ్ పోర్టులోంచి వచ్చేది మిడి కాదు, ఐదు వోల్టుల ముడి లాజిక్ సంకేతం. దాన్ని మిడిగా మార్చే పని తీగదే. కార్డుతో పాటు ఆ తీగ రాలేదు, విడిగా కొనాలి. కొననివాళ్లు సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారు.

గల్ఫ్‌లో ఇంటి కంప్యూటర్ల చరిత్రకు మరో పాయ కూడా ఉంది. కువైట్‌కు చెందిన అల్ ఆలమియా 1980లలో ఎమ్మెస్సెక్స్ ప్రమాణానికి చేసిన అరబిక్ కంప్యూటర్లను ‘సఖ్ర్’ పేరుతో తెచ్చింది. వాటిలో కొన్ని యమహా తయారీ. అదే ఎమ్మెస్సెక్స్ కుటుంబంలో యమహా సీఎక్స్5ఎం అనే సంగీత కంప్యూటర్ ఉండేది. దాని మిడి ఎస్ఎఫ్‌జీ-01, ఎస్ఎఫ్‌జీ-05 అనే మాడ్యూళ్ల ద్వారా వచ్చేది. ఈ మాడ్యూళ్లు యమహా సొంత స్లాటు కోసం చేసినవి. మామూలు కార్ట్‌రిడ్జ్ స్లాటులో పెట్టాలంటే అడాప్టర్ కావాలి. కాబట్టి గల్ఫ్ దేశంలో పాత కంప్యూటర్‌కు మిడి తగిలించడం అన్నప్పుడు, ఏ కంప్యూటర్ అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ వ్యాసం పరిధి పీసీ సౌండ్ కార్డులే.

తీగ లోపలి సంగతి

మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక మెగాహెర్ట్జ్ గడియారాన్ని 32తో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. పీసీ సీరియల్ పోర్టు గడియారం 1.8432 మెగాహెర్ట్జ్. దాన్ని ఎలా భాగించినా 38,400 వస్తుంది, లేదా 28,800 వస్తుంది, 31,250 రాదు. సీరియల్ పోర్టునే మిడిగా వాడుకుందామని చూసినవాళ్లు క్రిస్టల్‌ను పీకి 2 మెగాహెర్ట్జ్‌ది పెట్టుకోవాల్సి వచ్చింది. అంత తంటా లేకుండా గేమ్ పోర్టు ఆ వేగాన్ని సూటిగా ఇచ్చింది. అది గెలవడానికి ఇదో కారణం.

మిడి వోల్టేజీని కాక కరెంటును పంపుతుంది. పంపే వైపు 220 ఓముల రెసిస్టర్లు రెండు, అందుకునే వైపు ఒకటి, మొత్తం 660 ఓములు. ఐదు వోల్టుల్లో అందుకునే వైపు ఎల్ఈడీ దగ్గర సుమారు వోల్టున్నర పోతే పారేది దాదాపు 5 మిల్లీ యాంపియర్లు. ఆ ఎల్ఈడీ ఉండేది ఆప్టోకప్లర్ అనే చిప్పులో. అక్కడ సంకేతం వెలుతురుగా మారి అవతలి ట్రాన్సిస్టర్‌ను నడుపుతుంది. రెండు యంత్రాల మధ్య రాగి సంబంధం అక్కడితో తెగిపోతుంది.

గేమ్ పోర్టు వైపు పిన్నులు ఇవీ: 12 బయటికి పంపే మిడి, 15 లోపలికి తీసుకునే మిడి, 1, 8, 9 ఐదు వోల్టులు, 4, 5 గ్రౌండు. మిడి ప్లగ్గులో పనిచేసేవి 4, 5 పిన్నులు. 2 కేవలం షీల్డు కోసం. ఇక్కడో గొయ్యి ఉంది. 1981 నాటి ఐబీఎం గేమ్ పోర్టులో 12 గ్రౌండు, 15 ఐదు వోల్టులు. మిడి లేని పాత గేమ్ కార్డుకు మిడి తీగ తగిలిస్తే, ఆప్టోకప్లర్ అవుట్‌పుట్ నేరుగా ఐదు వోల్టుల మీద పడుతుంది. కార్డు మోడల్ ఏదో చూడకుండా తీగను నిందించిన సందర్భాల్లో కొన్ని ఈ కోవవే.

మొదటి పక్షం: నిర్దేశం అక్షరాలా

వీళ్ల మాట సూటిగా ఉంటుంది. లోపలికి వచ్చే వైపు ఆప్టోకప్లర్ ఉండాలి, ఎల్ఈడీకి తిరగేసి ఒక 1ఎన్4148 డయోడు ఉండాలి, బయటికి పంపే వైపు బఫర్ చిప్పు ఉండాలి. తొలి నిర్దేశం షార్ప్ పీసీ-900, హ్యూలెట్ ప్యాకార్డ్ 6ఎన్138 చిప్పులను పేరు పెట్టి సూచించింది. సంకేతం ఎక్కడానికీ దిగడానికీ రెండేసి మైక్రోసెకన్ల కంటే ఎక్కువ పట్టకూడదని గీత గీసింది. తీగ పొడవుకు 15 మీటర్లు హద్దు.

ఈ పక్షం లోపల కూడా చీలికలున్నాయి. పీసీ-900 ఇప్పుడు తయారీలో లేదు. 6ఎన్138 తక్కువ కరెంటుకే స్పందిస్తుంది, కానీ ఆరిపోవడంలో నెమ్మది. దాని 7వ పిన్ను నుంచి గ్రౌండుకు ఒక రెసిస్టర్ వేస్తే చురుకు పెరుగుతుంది. ఆ రెసిస్టర్ లేని పాత రేఖాచిత్రాలను చూసి కట్టినవాళ్లకు అప్పుడప్పుడు స్వరాలు తప్పిపోతుంటాయి. 6ఎన్137 చాలా వేగం, అయితే దానికి మిడి ఇచ్చే 5 మిల్లీ యాంపియర్లు బొటాబొటీగా సరిపోతాయి. హెచ్11ఎల్1లో ష్మిట్ ట్రిగ్గర్ లోపలే ఉంది, 3.3 వోల్టులకూ పనిచేస్తుంది కనుక కొత్తవాళ్లు దానివైపు మొగ్గుతున్నారు. పాత ఛార్జర్లలోంచి పీకిన 4ఎన్25 లాంటి సాదా చిప్పుల సంగతే అసలు తగాదా. పనిచేసిందని చెప్పేవాళ్లూ ఉన్నారు, సమయానికి చెయ్యిచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండు మైక్రోసెకన్ల గీత దగ్గర అవి నిలబడటం కష్టమే.

రెండో పక్షం: రెండు రెసిస్టర్లు చాలు

పాత ఆటల సంగీతం రోలాండ్ సౌండ్ మాడ్యూళ్లు ఎంటీ-32 మీదో ఎస్‌సీ-55 మీదో వినాలనుకునేవాళ్లకు కావాల్సింది బయటికి పంపే వైపు మాత్రమే. అవతలి మాడ్యూల్‌లో ఆప్టోకప్లర్ ఎలాగూ ఉంటుంది. కాబట్టి గేమ్ పోర్టు ఐదు వోల్టుల నుంచి 220 ఓములతో మిడి 4వ పిన్నుకు, 12వ పిన్ను నుంచి 220 ఓములతో 5వ పిన్నుకు తీగ లాగితే పని అయిపోతుంది. ఇది తర్కానికి నిలిచే వాదన. మిడి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు 12వ పిన్ను ఐదు వోల్టుల మీద ఉంటుంది, కరెంటు పారదు. సున్నా బిట్టు వచ్చినప్పుడు పిన్ను కిందికి దిగి 5 మిల్లీ యాంపియర్లను లాగేస్తుంది.

అభ్యంతరం ఒక్కటే. ఆ కరెంటును కిందికి లాగే సత్తా ప్రతి కార్డు చిప్పుకూ ఉందా? పేరున్న కార్డుల్లో సాధారణంగా ఉంటుంది. పేరు లేని నకళ్ల సంగతి హామీ ఇవ్వలేం. అందుకే 74ఎల్ఎస్04 లాంటి చవక చిప్పును బఫర్‌గా వేయమని మొదటి పక్షం పట్టుబడుతుంది.

ఈ పక్షంలో కొందరు ఇంకో అడుగు వేసి, లోపలికి వచ్చే వైపు కూడా ఆప్టోకప్లర్ లేకుండా ట్రాన్సిస్టర్‌తో సరిపెడతారు. అప్పుడు రెండు యంత్రాల గ్రౌండు కలిసిపోతుంది, స్పీకర్లలో కరెంటు హోరు వినిపిస్తుంది. ఒక యంత్రంలో లోపం వస్తే రెండోదానికీ పాకే దారి తెరుచుకుంటుంది. సీలు వేసి అమ్మిన చవక తీగల్లోనూ ఈ పొదుపు కనిపించింది. పైకి చూస్తే తెలియదు, మల్టీమీటరే చెప్పాలి. మిడి లోపలి వైపు ప్లగ్గు 4, 5 పిన్నులకూ గేమ్ పోర్టు గ్రౌండుకూ మధ్య కంటిన్యూటీ ఉంటే ఆ తీగలో ఆప్టోకప్లర్ లేనట్టే.

మూడో పక్షం: లోపం తీగది కాదు

తీగ సరిగ్గా కట్టినా ఆట పలకకపోవచ్చు. ఎంపీయూ-401కు రెండు రీతులున్నాయి. ఒకటి సంకేతాలను ఉన్నవున్నట్టు దాటవేసే యూఆర్ట్ రీతి. రెండోది తాళం లెక్కను తానే చూసుకునే ‘ఇంటెలిజెంట్’ రీతి. 1992లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ 16 వంటివి మొదటిదాన్నే అనుకరించాయి. అంతకు ముందటి సౌండ్ బ్లాస్టర్లకు రెండిటికీ చెందని సొంత పద్ధతి ఉండేది. ఇంటెలిజెంట్ రీతిని ఆశించే పాత ఆటలు ఈ కార్డుల మీద మూగబోతాయి. సాఫ్ట్‌ఎంపీయూ అనే డాస్ ప్రోగ్రామ్ ఆ రీతిని సాఫ్ట్‌వేర్‌లో అనుకరిస్తుంది.

ఎంటీ-32 తొలి తయారీలది మరో గొడవ. వేగవంతమైన కంప్యూటర్ వరసగా పొడవాటి సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ (తయారీదారు సొంత) సందేశాలు పంపితే అవి తట్టుకోలేవు, తెర మీద బఫర్ ఓవర్‌ఫ్లో అని చూపిస్తాయి. కొన్ని సౌండ్ బ్లాస్టర్ 16 కార్డుల్లో స్వరం ఆగకుండా మోగుతూనే ఉండే దోషం ఉంది, అదీ కార్డు లోపలిదే. ఈ మూడింటిలో ఏదైనా ఎదురైనప్పుడు ఆప్టోకప్లర్ మార్చి కూర్చుంటే లాభం లేదని ఈ పక్షం చెప్పే మాట కాదనలేనిది. అయితే తీగలో తప్పున్న ప్రతిచోటా సాఫ్ట్‌వేర్‌ను దోషిగా నిలబెట్టడం ఈ పక్షం బలహీనత.

నాలుగో పక్షం: తీగే వద్దు

చాలా సౌండ్ బ్లాస్టర్ 16 కార్డుల మీద 26 పిన్నుల వేవ్ బ్లాస్టర్ కనెక్టర్ ఉంటుంది. యమహా డీబీ50ఎక్స్‌జీ లాంటి చిన్న బోర్డును దాని మీద కూర్చోబెడితే బయటి తీగతో పనే లేదు. ఇప్పుడు చిన్న తయారీదారులు కొత్తగా అలాంటి బోర్డులు చేస్తున్నారు. మరో దారి మంట్ అనే ఎంటీ-32 అనుకరణ, దాన్నే రాస్ప్‌బెర్రీ పై మీద నడిపే ఎంటీ32-పై. పాత కార్డునే పక్కన పెట్టి యూఎస్‌బీ మిడి తీగ కొనుక్కోమనేవాళ్లూ ఉన్నారు. విండోస్ విస్టా నుంచి గేమ్ పోర్టుకు ఆదరణ పోయిందన్నది వాళ్ల వాదనకు బలం. చవక యూఎస్‌బీ తీగలు కొన్ని పొడవాటి సందేశాలను మధ్యలో తుంచేస్తాయన్నది దానికి ఎదురుదెబ్బ.

పక్కపక్కన పెడితే

- నిర్దేశం అక్షరాలా: మిడి ఉన్న ఏ కార్డుకైనా, రెండు వైపులకూ భద్రం. విడిభాగాలు, సోల్డరింగ్ ఓపిక కావాలి.
- రెండు రెసిస్టర్లు: బయటికి పంపడానికి మాత్రమే, పేరున్న కార్డులకు సరిపోతుంది. లోపలి వైపుకు తగదు.
- రీతి అనుకరణ: తీగ సరిగ్గా ఉందని తేలాక వేసే అడుగు. తీగకు ప్రత్యామ్నాయం కాదు.
- తీగ లేకుండా: ఆటల సంగీతం వినేవారికి సులువు. కీబోర్డు నుంచి కంప్యూటర్‌కు వాయించాలంటే వేవ్ బ్లాస్టర్ బోర్డు అక్కరకు రాదు.

జాబితాను గమనిస్తే గొడవలో పెద్ద భాగం దిక్కు చెప్పకపోవడం వల్లే వచ్చిందని తేలుతుంది. బయటికి పంపే వైపు ఎన్నో తప్పులను క్షమిస్తుంది, ఎందుకంటే రక్షణ అవతలి యంత్రంలో ఉంది. లోపలికి తీసుకునే వైపు ఆ రక్షణను మనమే కట్టాలి. ‘నాకు రెండు రెసిస్టర్లతో పనిచేసింది’ అన్నవారూ, ‘ఆప్టోకప్లర్ లేకుండా వద్దు’ అన్నవారూ చాలాసార్లు రెండు వేర్వేరు ప్లగ్గుల గురించి మాట్లాడుతున్నారు.

మస్కట్‌లో మారే లెక్కలు

ఒమన్‌లో కరెంటు 240 వోల్టులు, 50 హెర్ట్జ్. గోడకు బ్రిటిష్ తరహా మూడు చదరపు పిన్నుల సాకెట్టు. ఎంటీ-32, ఎస్‌సీ-55 రెండూ 9 వోల్టుల అడాప్టర్‌తో నడిచేవి. జపాన్ మార్కెట్ అడాప్టర్ 100 వోల్టులకు, అమెరికాది 120కి చేసినవి. సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన పెట్టెలో ఉన్న అడాప్టర్‌ను మార్పిడి ప్లగ్గుతో గోడకు పెడితే అది కాలిపోతుంది. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న 230 వోల్టులదైతే ఆ బెడద లేదు. కానీ రోలాండ్ మాడ్యూళ్లకు మధ్య పిన్ను నెగెటివ్. ఇప్పుడు దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. తీగ కంటే ముందు సరిచూడాల్సింది ఇదే.

ఎండ రెండోది. మస్కట్‌కు ఆగ్నేయంగా ఉన్న ఖురియాత్‌లో 2018 జూన్‌లో ఒక రోజంతటిలో కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలుగా నమోదైంది. ఏసీ లేని స్టోరులో పడేసిన పాత కార్డు మీద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ఇలాంటి రాత్రుల్లో తరిగిపోతుంది. తీరం వెంట ఉప్పుగాలి, సలాలాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ అనే వానకాలపు తడి ప్లగ్గు పిన్నులనూ, కార్డు బంగారు అంచునూ తినేస్తాయి. ఇక్కడ మొదటి పక్షం మాటకు విలువ పెరుగుతుంది. పిన్ను మీద తుప్పు అడ్డుపడి కరెంటు తగ్గినప్పుడు, 5 మిల్లీ యాంపియర్ల అంచున నడిచే 6ఎన్137 కంటే 1.6 మిల్లీ యాంపియర్లకే స్పందించే 6ఎన్138 ఎక్కువ ఓర్చుకుంటుంది.

విడిభాగాల మాటకొస్తే, మస్కట్ రువీలో కంప్యూటర్, మొబైల్ మరమ్మతు దుకాణాలకు కొదవలేదు. చిల్లరగా చిప్పులు, రెసిస్టర్లు కొనడానికి తెలుగువారికి అలవాటైన చోటు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ. సెలవుకు వెళ్లి వచ్చేవారి సూట్‌కేసులో ఒక మూలకు సరిపోయే సరుకు ఇది. ఐదు పిన్నుల ప్లగ్గు దొరకకపోతే పాత ఏటీ కీబోర్డు ప్లగ్గు సరిగ్గా అదే ఆకారం. దాని తీగ 1, 2, 4, 5 పిన్నులకు ఉంటుంది కనుక మిడికి కావాల్సినవన్నీ అందులో ఉన్నట్టే. అయితే మిడి తీగను పొరపాటున కంప్యూటర్ కీబోర్డు రంధ్రంలో పెట్టకూడదు. అక్కడ 4 గ్రౌండు, 5 ఐదు వోల్టులు.

ఒమన్‌లో ఈ తీగకు ఆటలకు మించిన పని కూడా ఉంది. దేశ సంగీతాన్ని భద్రపరిచే ఒమన్ సంప్రదాయ సంగీత కేంద్రం వెలిసింది మిడి పుట్టిన 1983లోనే. అరబ్ మఖాంలలో పన్నెండు మెట్లకు చిక్కని స్వరాలుంటాయి. రాస్త్ మఖాంలో మూడో స్వరం మామూలు గాంధారం కంటే సుమారు 50 సెంట్లు, అంటే అర మెట్టు, కిందికి జారుతుంది. రోలాండ్ జీఎస్ పద్ధతిలో పన్నెండు స్వరాలలో ఒక్కోదాన్నీ మైనస్ 64 నుంచి ప్లస్ 63 సెంట్ల దాకా జరిపే సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశం ఉంది. అంటే ఎస్‌సీ-55 మీద రాస్త్ పలికించవచ్చు, తీగ ఆ పొడవాటి సందేశాన్ని తుంచకుండా మోస్తేనే. కర్ణాటక గమకానికి మరో దారి, పిచ్ బెండ్. ఒక్కో బెండ్ సందేశం మూడు బైట్లు, తీగ మీద 0.96 మిల్లీ సెకను పడుతుంది. ఒక్క వీణ గమకానికి ఇది చాలు. నాలుగైదు వాద్యాలు ఒకేసారి జారుతుంటే తీగ నిండిపోవచ్చు, ఎంత బాగా కట్టినా.

ఇంకా తేలనివి

షీల్డు సంగతి పైకి చిన్నదే. నిర్దేశం ప్రకారం 2వ పిన్ను పంపే వైపు గ్రౌండుకు తగలాలి, అందుకునే వైపు తగలకూడదు. 2014లో వచ్చిన సవరణ అందుకునే వైపు చిన్న కెపాసిటర్ ద్వారా కలపడానికి ఒప్పుకుంది. రేడియో అంతరాయం తగ్గించడానికి అది ఇంటి తీగలో ఎంత అవసరమన్నది అభిప్రాయాల దగ్గరే ఆగింది. అదే సవరణ 3.3 వోల్టులకు 33, 10 ఓముల రెసిస్టర్లను నిర్ణయించింది. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డుకూ ఐదు వోల్టుల పాత కార్డుకూ మధ్య తీగ కట్టేవాళ్లు పాత 220ల చిత్రాన్నే దించుకుంటే కరెంటు చాలదు. ఈ తప్పు ఇంకా చలామణీలో ఉంది.

పేరులేని కార్డుల చిప్పులు ఎంత కరెంటు లాగగలవన్నది కార్డు కార్డుకూ కొలిచి పట్టిక వేయాల్సిన పని. అలాంటి పట్టిక ఉంటే రెండో పక్షం ధైర్యం ఎంతవరకు చెల్లుతుందో తేలిపోతుంది. ఆప్టోకప్లర్ల వేగం విషయంలో కూడా డేటా షీట్ల అంకెలకూ ఎండలో నడిచే అసలు తీగకూ మధ్య కొలతలు కావాలి.

కార్డు మీదే ఆప్టోకప్లర్ వేసి సొంత రంధ్రాలు పెట్టుకోవడం సబబా అన్న ప్రశ్నకు మాత్రం ఏ మీటరూ జవాబు ఇవ్వదు. ఒకరికి అది వాడుకునే వస్తువు, మరొకరికి పుట్టినట్టే ఉండాల్సిన వస్తువు. బయటి తీగలోనే అంతా కట్టుకుంటే ఈ ఇద్దరి మధ్యా తగవు రాదు. 1989లో ఖర్చు తగ్గించుకోవడానికి క్రియేటివ్ చేసిన ఏర్పాటు ఇప్పుడు కార్డును ముట్టుకోకుండా ప్రయోగాలు చేయడానికి వీలిస్తోంది. తీగ చెడితే తీగనే మార్చుకోవచ్చు.